కూసునే జాగ

మా ఊర్లె కూసునుడుకు కూడ కొలత ఉండేది. దొర కుర్చీల కూసునేటోడు. పట్వారి చాప మీద, కాపులు చావడి అరుగు మీద, సాకలి మంగలోల్లు అరుగు కింది మెట్టు మీద. మా బాపు నేల మీద. నేల మీద కూడ ఒళ్లు ఆనిచ్చి కూసునేది లేదు, గొంతుకూసోవాలె. పిలిచిన వెంటనే లేవాలె గదా! బాపు బతికినన్నాళ్లు అట్లనే కూసున్నడు. ఇంట్ల నులక మంచమున్నా దాని పక్కకు గొంతుకూసునే చుట్ట తాగేటోడు. ఊరికి భయపడుడు మనసుకే కాదు, మోకాళ్లకు కూడ అలవాటైతది.

బోథ్ తాలూకాల ఒక పల్లె మాది. పత్తి, జొన్న, కంది పండే నేల. మహారాష్ట్ర దగ్గర కాబట్టి మాటల్ల మరాఠీ కలుస్తది. మాదిగవాడ ఊరికి ఎడంగ, వాగు దిక్కు. బాపు పటేలు ఇంట్ల జీతగాడు. జీతమంటే నెల జీతం కాదు. ఉగాది నుంచి మల్ల ఉగాది దాక మనిషి ఒంటిని రాసిచ్చుడు. ఇన్ని కుంచాల జొన్నలు, ఒక గొంగడి, ఒక చెప్పుల జోడు. ఆ చెప్పులు కూడ మా తాత కుట్టినవే. అవి తొడుక్కొని ఊరి నడిమిట్ల నడవద్దు, సంకల పెట్టుకొని పోవాలె.

జీతగానికి ఆదివారం లేదు. ఎడ్లు ఆదివారం గూడ మేత మేస్తయి, పెండ పెడతయి. అవ్వది కూలి పని. కూలి దొరకని రోజే ఆమెకు సెలవు. సెలవు దొరికిన నాడు పొయ్యి మీద గట్క లేదు. అందుకే మా ఇంట్ల ‘ఊకె కూసున్నడు’ అన్నది పెద్ద తిట్టు. పనున్నోడు బతికినట్టు, కూసున్నోడు చెడినట్టు. కూసున్నంక కూడ చెడకుంట బతికేటోల్లు ఊర్లె ఎందరో ఉన్నరని, వాళ్ల కూసునుడు మా నడుముల మీద నిలబడ్డదని అప్పటికి మాకు ఎవరు చెప్పలేదు.

నాకు ఆదివారం తెలిసింది బోథ్ హాస్టల్ల చేరినంక. ఆ రోజు బడి లేదు, గంట లేదు. బట్టలు పిండుకొని ఆరేసుకొని, పొద్దు వాలేదాక ఏం చెయ్యాల్నో తెలిసేది కాదు. కొన్నిసార్లు నలుగురైదుగురం కలిసి పొచ్చెర దాక నడిచిపోయేటోల్లం. ఇప్పుడు పొచ్చెర జలపాతం అని బోర్డులు పెట్టిండ్రు, ఆదివారం కార్లు వరస కడుతున్నయి. అప్పట్ల జనం తక్కువ. అయినా ఆదిలాబాదు నుంచి, నిర్మల్ నుంచి ఉద్యోగస్తుల కుటుంబాలు టిఫిన్ గిన్నెలతోని వచ్చేటివి. బండ మీద దుప్పటి పరుచుకొని, నీళ్ల దిక్కు మొకం పెట్టి, ఏ పని లేకుంట గంటలు గంటలు కూసునేటోల్లు. మేం దూరం నుంచి నీళ్లను సూసింది తక్కువ, వాళ్లను సూసింది ఎక్కువ. పని లేకున్నా వాళ్ల మొకాల్ల భయం లేదు. అదే మాకు వింత.

ఇంటికి పోయి అవ్వకు చెప్పిన. “నీళ్లు పడుతుంటె సూడనీకి అంత దూరం నుంచి వస్తున్నరే అవ్వా.”

“నీళ్లు పడుతుంటె బిందె పట్టాలె గని సూసుడేంది బిడ్డా?” అన్నది అవ్వ.

అవ్వ అన్నదాంట్ల ఎగతాళి లేదు. మా వాడకు బావి లేదు. వాగుల చెలిమె తీసుకొని, ఊరిన నీళ్లను ముంతతోని తోడుకునే మనిషికి పైకెల్లి ఊకె పడిపోయే నీళ్లు దండుగే గదా.

1986ల చిన్న ఉద్యోగం దొరికి పట్నం వచ్చిన. గౌలిగూడ బస్టాండుల దిగిననాడు నా చేతుల ఒక రేకు పెట్టె, ఒక అడ్రసు కాయితం. గది కోసం తిరిగితె అందరు ఊరు అడిగేటోల్లు, తర్వాత ఇంటి పేరు. ఇంటి పేరు చెప్పినంక, “మీరేమైతరు?” సూటిగ అడిగినోల్లతోని బాధ లేకుండె, అవునో కాదో అక్కడనే తేలిపోతది. “మేం మాంసం తినేటోల్లకు ఇయ్యం” అని తిప్పి చెప్పినోల్లే ఎక్కువ. ఆఖరికి నాంపల్లికి నడిచిపోయేంత దూరంల, ముగ్గురం కలిసి ఉండే రేకుల గది దొరికింది. పైన రేకులు, కింద బండలు. ఎండకాలం మధ్యాన్నం ఆ గదిల ఉండుడు అంటే పెనం మీద రొట్టె లెక్క. ఆఫీసు ఉన్నన్ని రోజులు ఫ్యాను కింద గడిచేది. ఆదివారం ఎటు పోవాలె?

అట్ల పబ్లిక్ గార్డెన్స్‌కు పోవుడు మొదలైంది.

నాంపల్లి రోడ్డు మీదికెల్లి పెద్ద దర్వాజ దాటి లోపలికి పోతె ఊరు ఎనకకు పోయినట్టయితది. పెద్ద పెద్ద చెట్లు, తామరల కొలను, గడ్డి మైదానాలు. ఒక దిక్కు జూబిలీ హాలు, ఒక దిక్కు పురావస్తు మ్యూజియం, ఇంకో దిక్కు ఆరోగ్య మ్యూజియం, పిల్లల కోసం జవహర్ బాలభవన్. తోట లోపలనే షాహీ మసీదు. పక్కనే అసెంబ్లీ తెల్లగ మెరుస్తుంటది. నిజాం కాలంల దీని పేరు బాగ్-ఎ-ఆమ్. బాగ్ అంటే తోట, ఆమ్ అంటే అందరిది. మా గదిల ఉండే దోస్తు మాత్రం “ఆమ్ అంటే మామిడి గదరా, మామిడితోట ఏడున్నది?” అని నవ్వేటోడు. 1963ల బహదూర్‌పురల నెహ్రూ జూ పెట్టేదాక జంతువులు కూడ ఈ తోటలనే ఉండేటివట. ముసలోల్లు ‘పులులు ఈడ, కోతులు ఆడ’ అని చేతులు సూపెట్టి చెప్పేటోల్లు.

ఆదివారం మధ్యాన్నం రెండింటికి పోతె దీపాలు పెట్టేదాక ఆడనే. నాలుగాణాల పల్లీలు, ఒక పేపరు. చెట్ల నీడ కింద ఒక్కొక్కరిది ఒక్కొక్క లోకం. బుర్ఖాలు ఏసుకున్న ఆడోళ్లు పిల్లలతోని చాపలు పరుచుకొని అన్నం గిన్నెలు విప్పేటోల్లు. గ్రూపు పరీక్షలకు చదివే పోరగాళ్లు చెట్టు మొదలుకు ఒరిగి జనరల్ నాలెడ్జి బట్టీ కొట్టేటోల్లు. పాలమూరు నుంచి వలసొచ్చిన మట్టిపని కూలీలు మొకం మీద తువ్వాల ఏసుకొని మొద్దు నిద్ర పోయేటోల్లు. ప్రేమించుకునేటోల్లు పొదల దిక్కు, పింఛన్ల ముసలోల్లు కొలను దిక్కు. ఒకరినొకరు జరగమనేది లేదు, లెవ్వమనేది లేదు.

మ్యూజియంల ఒక మమ్మీ ఉన్నది. ఈజిప్టు నుంచి వచ్చిన శవం. వేల ఏండ్ల కిందట చచ్చిపోయిన పిల్లను అద్దాల పెట్టెల పండబెట్టి కాపలా పెట్టిండ్రు. మొదటిసారి సూసినప్పుడు నాకు మా నాయనమ్మ యాదికొచ్చింది. ఆమెను పెట్టనీకి జాగ కోసం మా వాడోల్లు ఒక పొద్దంత పటేలును బతిమిలాడిండ్రు. వాగొడ్డున రాళ్ల మధ్యల ఇంత చోటు దొరికింది, రెండేండ్లకు వరద దాన్ని కూడ తీసుకపోయింది. పరాయి దేశం శవానికున్న జాగ మా ముసల్దానికి లేకపోయె అని అద్దం ముందట చాన సేపు నిలబడ్డ.

తోట బయట మాత్రం దేశం అట్లనే ఉన్నది. 1985 జులై 17న కారంచేడు. మాదిగోల్లు తాగే నీళ్ల కుంట కాడ బర్లను కడుగుతుంటె వద్దన్నందుకు ఊరుమీద పడి చంపిండ్రు. నేను పట్నం వచ్చిన నాటికి ఆ గాయం పచ్చిగనే ఉన్నది. 1991 ఆగస్టు 6న చుండూరు. సినిమా హాల్ల ఒక దళిత పిలగాని కాలు ముందటి సీటోనికి తగిలిందన్న కాడ మొదలైన తగాదా, ఎనిమిది మంది పానాలు తీసేదాక పోయింది. చంపి గోనె సంచులల్ల కుక్కి కాల్వల పారేసిండ్రు. ఆలోచించుండ్రి. కారంచేడుల నీళ్ల కాడ, చుండూరుల సినిమా కాడ. పొలం కోసం కాదు, పైసల కోసం కాదు. అందరు వచ్చే జాగల మనోల్లు కూడ మనుషుల లెక్క మెలిగినందుకు.

చుండూరు జరిగినంక వచ్చిన మొదటి ఆదివారం, ఆగస్టు 11న, పొద్దంత మబ్బు పట్టి ఉండె. కొలను కాడి బెంచి మీద కూసోని పేపరు చదువుతున్న. బెంచికి ఆ కొసన ఒక పెద్దమనిషి వచ్చి కూసున్నడు. తెల్ల బట్టలు, చేతుల గొడుగు. నా పేపరు దిక్కు వంగి సూసి, “అయ్యో, ఘోరం” అన్నడు. కొంచెం సేపటికి, “అయినా పల్లెల్లో పద్ధతులు పద్ధతులే కదండి. సినిమాకెళ్లినోళ్లు ఒద్దికగా కూర్చోవచ్చు గదా. రిజర్వేషన్లొచ్చి వీళ్లకు భయం లేకుండా పోయింది” అన్నడు. కోపంతోని కాదు, వానల గురించి మాట్లాడినట్టు మాట్లాడిండు. నన్ను తనోనిగనే అనుకున్నడు. ఇస్త్రీ అంగి, కండ్లద్దాలు, చేతుల పేపరు ఉన్నయి గదా.

నేను పేపరు మడిచిన. “వాళ్లకు భయం పోయిందంటున్నరు, పానమే పోయింది గదా సార్” అన్న.

ఆయన నన్ను మల్లొకసారి సూసిండు. “మీది ఏ ఊరు?”

“బోథ్ దిక్కు. ఆదిలాబాద్ జిల్లా.”

“మీరేమిట్లు?”

“మాదిగోల్లం.”

చెప్పినంక నా ఒళ్లంత ఒకసారి జల్లుమన్నది. మా ఊర్లెనైతె ఆ మాట తర్వాత లేవాల్సింది నేనే. నా మోకాళ్లు కూడ అప్పటికే సగం లేవనీకి తయారైనయి. బెంచి పట్టెను రెండు చేతులతోని గట్టిగ పట్టుకున్న. ఆయన గడియారం సూసుకున్నడు. ఆకాశం దిక్కు సూసిండు. “వానొచ్చేట్టుంది” అని గొడుగు తీసుకొని లేచిపోయిండు.

వాన రాలేదు. నేను చీకటి పడేదాక ఆ బెంచి మీదనే ఉన్న. గెలిచిన అనుకునేందుకు ఏమున్నది? ఒక మనిషి లేచి పోయిండు, అంతే. కాని మా వంశంల కులం చెప్పినంక కూసున్న చోటనే కూసుండిపోయిన మొదటోన్ని నేను. మా తాత లేచిండు, మా బాపు లేచిండు. ఈడ లేచింది ఆయన. పైనబడి కొట్టనీకి ఇది చావడి కాదు, దొర గడి కాదు. ఎనిమిది మందిని చంపిన వారమే నాకు ఆ ధైర్యం ఏడికెల్లి వచ్చింది? నా ఒక్కని గుండెలకెల్లి రాలేదని తెలుసు. దాని ఆనవాలు పట్టుకోవాలని అప్పటి సంది చదువుడు మొదలువెట్టిన.

బాబాసాహెబు రాసుకున్న వీసా కోసం నిరీక్షణల ఒక ముచ్చట ఉన్నది. 1934ల ఆయన, ఆయన వెంబడి ముప్పై మంది దాక మనోల్లు ఎల్లోరా, దౌలతాబాద్ సూడనీకి పోయిండ్రు. దౌలతాబాద్ అప్పుడు నిజాం రాజ్యంలనే ఉండె, మా ఆదిలాబాదు లెక్కనే. అది ఉద్యమం కాదు, సభ కాదు. నలుగురు కలిసి ఊర్లు తిరుగుడు, అంతే. కోట దర్వాజ కాడ నీళ్ల తొట్టి కనిపిస్తె దుమ్ము కొట్టుకున్న కాళ్లు మొకాలు కడుక్కున్నరు. అంతలనె ఒక ముసలాయన ఉరికొచ్చి అంటరానోల్లు నీళ్లు మైల చేసిండ్రని లొల్లి పెట్టిండు. జనం గుమిగూడిండ్రు. ఆఖరికి కోట సూడనిచ్చిండ్రు కాని, యాడ నీళ్లు ముట్టద్దని షరతు పెట్టి, తుపాకి పట్టిన జవానును వెంబడి తోలిండ్రు. విదేశాలల్ల చదువుకొని, బారిస్టరై, రౌండ్ టేబుల్ సమావేశాలకు పోయొచ్చిన మనిషి, ఒకపూట కోట సూడనీకి పోతె తుపాకి కాపలా!

దానికి ఏడేండ్ల ముందు 1927 మార్చి 20న మహద్‌ల చౌదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగింది కూడ ఆయననే. ఆ చెరువును అందరికి తెరుస్తున్నమని మున్సిపాలిటీ 1924లనే తీర్మానం చేసింది. మూడేండ్లు తీర్మానం కాయితంలనే ఉన్నది, నీళ్లు చెరువుల ఉన్నయి, మనోల్లు ఒడ్డు మీద ఉన్నరు. దోసిలి పట్టినంకనే దెబ్బలు పడ్డయి, దెబ్బలు పడ్డంకనే ఆ మాటకు బలం వచ్చింది.

ఆ దోసిలి, ఆ దౌలతాబాద్ తొట్టి, రెండు కలిసి రాజ్యాంగంల 15వ అధికరణం అయినయని నేను నమ్ముత. దాంట్ల రెండో భాగం చదువుండ్రి. దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, సర్కారు సొమ్ముతోని నడిచేటివి గాని ప్రజల కోసం ఇచ్చేసినవి గాని అందరు పోయే విహార స్థలాలు. వీట్లల్ల కులం పేర, మతం పేర ఎవరిని ఆపద్దని ఉన్నది. ఆ విహార స్థలాల లెక్కల నా బెంచి ఉన్నది. నిజాం పెట్టిన అందరి తోట పేరుకు అందరిది. నన్ను ఆపితె తప్పు అని రాసింది మాత్రం 1950 జనవరి 26న అమలుకొచ్చిన పుస్తకం. ఆ నాడు బెంచి పట్టెను పట్టుకున్న నా చేతుల్ల ఉన్నది ఆ పుస్తకం బలమే.

బెంచికి చరిత్ర ఉన్నట్టే ఆదివారానికి కూడ ఉన్నది. ఆదివారం సెలవు సూర్యుని లెక్క తనంత తాను వచ్చిందనుకుంటరు. బొంబాయి బట్టల మిల్లులల్ల పనిచేసేటోల్లకు వారంల ఒక్క సెలవు కూడ లేకుండె. జ్యోతిరావు ఫూలే సత్యశోధక సమాజంల పనిచేసిన నారాయణ మేఘాజీ లోఖండే 1884ల మిల్లు కూలీలను సంఘం కట్టిండు. ఏండ్లు కొట్లాడినంక 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నరు. లోఖండే మాలి కులపోడు, అంటే తోటలు పెంచే కులం. తోట పెంచేటోల్ల బిడ్డ మనకు తోటల కూసునే దినం సంపాయించిండు. ఆ తర్వాత వైస్రాయి కౌన్సిల్ల లేబర్ మెంబరుగ బాబాసాహెబు తెచ్చిన ఫ్యాక్టరీల చట్ట సవరణతోని 1946ల వారానికి 54 గంటల పని 48 అయింది. బెంచి ఒక కొట్లాట, బెంచి మీద కూసునే పొద్దు ఇంకో కొట్లాట. రెండిట్లనూ మనోల్ల చెమట ఉన్నది.

ఇదంత చదువుకొని నేను కొంచెం నిబ్బరంగ ఉన్నప్పుడే అవ్వ పట్నం వచ్చింది. 1994ల. కండ్లల్ల పొర తీపిచ్చనీకి. బాపు అప్పటికే పోయిండు. ఒక కన్నుకు ఆపరేషన్ అయి, నల్ల అద్దాలు పెట్టి, వారం దినాలు పొగకు పొయ్యికి దూరంగ ఉండమన్నరు. ఆదివారం మధ్యాన్నం గార్డెన్‌కు తోలుకపోయిన.

అవ్వ దర్వాజ కాడనే ఆగింది. “టికీటున్నదా?”

“లేదే అవ్వా, రా.”

“గడి లెక్క ఉన్నది బిడ్డా. దొర ఏడుంటడు?”

“దొర లేడు. ఇది అందరిది.”

“అందరిదంటె ఎవరిది? ఎవరో ఒక్కలదయితది.”

“సర్కారుది.”

“మరి సర్కారోల్లు సూస్తె?”

కొలను కాడికి పోయినంక నేను బెంచి మీద కూసున్న. అవ్వ బెంచి పక్కకు నేల మీద గొంతుకూసున్నది. పైన కూసో అంటె, “ఈడ సల్లగున్నది తియ్” అన్నది. మహద్ చెప్పిన, రాజ్యాంగం చెప్పిన. ఆమె వింటున్నట్టు తలకాయ ఊపుకుంట తామరల దిక్కు సూస్తున్నది. కొత్తగ తేటపడ్డ కన్నుతోని ఆమె సూసిన మొదటి పూలు అవే. నేను బెంచి మీద, మా అవ్వ నా కాళ్ల కాడ. ఎవరన్న సూస్తె దొర, జీతగత్తె అనుకుంటరు. నాకు కూసోబుద్ధి కాలేదు, నేను కూడ నేల మీదికి దిగిన.

అంతల ఒకామె ఎండుటాకులు ఊడ్చుకుంట మా దిక్కు వచ్చింది. యాభై ఏండ్లుంటయి. పొడుగు కట్టె చీపురు, నడుముకు చెంగు బిగిచ్చుకున్నది. అవ్వ నల్ల అద్దాలు సూసి, “కన్ను తీపిచ్చుకున్నవా అక్కా?” అని అడిగింది.

“అవ్ చెల్లె. మోతిబిందు.”

“యాడికెల్లి వచ్చిండ్రు?”

“బోథ్ దిక్కు. నీది?”

“మాది మెదక్ దిక్కు. వచ్చి శాన ఏండ్లాయె.” కొంచెం ఆగి, “ఏమోల్లు అక్కా?”

“మాదిగోల్లం.”

“ఇంగో, మనోల్లే!” అని చీపురు చెట్టుకు ఆనిచ్చి నేల మీద కూలబడ్డది.

అదే ప్రశ్న. అదే తోట, అదే కొలను కాడ. ఆ పెద్దమనిషి అడిగి లేచిపోయిండు, ఈమె అడిగి కూసున్నది. అవ్వ మూట విప్పి జొన్నరొట్టెల మిరపకాయ తొక్కు పెట్టి ఇచ్చింది. ఇద్దరు ఒక్క రొట్టెను తెంపుకొని తిన్నరు. బిడ్డల లెక్క, మనుమల లెక్క, కూలి లెక్క మాట్లాడుకున్నరు. పొద్దు పొడవకముందే వస్తదట. “ఆదివారం జర తీరికుంటదా?” అని అవ్వ అడిగింది. ఆమె నవ్వింది. “ఆదివారమే గదక్కా శాన పని! జనం ఎక్కువ వస్తరు, ఆకులకు తోడు కాయితాలు, పల్లీల పొట్టు.” నా చేతుల ఉన్న పల్లీల పొట్లాన్ని నేను జేబుల పెట్టుకున్న.

పోయేముందు ఆమె అవ్వను రెక్క పట్టుకొని లేపింది. “నేల మీద చీమలుంటయి, కన్ను తీపిచ్చుకున్న మనిషివి. పైన కూసో. ఈ బెంచి పొద్దుగాల నేనే తుడిచిన, సుబ్బరంగున్నది.”

అవ్వ కూసున్నది. మహద్ చెప్పినా కూసోలేదు, 15వ అధికరణం చెప్పినా కూసోలేదు, మాదిగామె నేనే తుడిచిన అన్నంక కూసున్నది. మొదలు కొసన, తర్వాత ఎనకకు ఒరిగి. రెండు కాళ్లు పైకి ముడుచుకొని, చెంగు సదురుకొని, ఒడిల చేతులు పెట్టుకున్నది. నా బతుకుల అవ్వ చేతులు ఏ పని లేకుంట ఒడిల ఉండుడు అదే మొదటిసారి సూసుడు. ఆ చేతులు ఎంత చిన్నగున్నయో అప్పుడే చూసిన.

చాన సేపు మాట్లాడలేదు. చీపురు సప్పుడు దూరం పోతుంటె, ఆ దిక్కే సూసుకుంట అడిగింది. “కూసునుడు మంచిగనే ఉన్నది బిడ్డా. మరి గామె ఎప్పుడు కూసుంటది?”

నా దగ్గర జవాబు లేకుండె. అప్పటిదాక నేను చదివింది, రాసింది అంత బెంచి మీద ఎవరు కూసుంటరు అన్నదాని గురించి. బెంచిని తుడిచేదెవరు, తుడిచినామె పొద్దు ఎప్పుడు గుంకుతది అన్నది ఏ అక్షరం రాని మా అవ్వకు తట్టింది. లోఖండే తెచ్చిన ఆదివారం మిల్లు దర్వాజ దాటి మా బాపు పనిచేసిన కొట్టం దాక రాలేదు. 48 గంటల లెక్క ఫ్యాక్టరీది. పత్తి చేన్ల వంగిన అవ్వ నడుముకు గంటల లెక్క లేదు. ఆఖరికి మాలాంటోల్లకు ఆదివారం దొరికింది, దొరికిన ఆదివారంల మేం వేసిన చెత్త ఎత్తనీకి మల్ల మా ఇంటి ఆడిదే వంగింది. కులం మమ్మల్ని బెంచి మీదికి రానిచ్చింది కాని, చీపురును మాత్రం ఎవరి చేతుల్లకు మార్చలేదు.

అవ్వ ఇప్పుడు లేదు. నేను ఉద్యోగంల కెల్లి దిగిపోయి ఏండ్లయితున్నది. గార్డెన్ కూడ మారింది. పొద్దుగాల బూట్లేసుకొని నడిచేటోల్లు, సెల్‌ఫోన్ల మాట్లాడేటోల్లు. తెలంగాణ వచ్చినంక 2022 నుంచి సెప్టెంబరు 17న ముఖ్యమంత్రులు జెండా ఎగరేసే జాగ అయింది. చుండూరు కేసుల 2007ల ప్రత్యేక కోర్టు శిక్షలు ఏసింది, 2014ల హైకోర్టు అందరిని ఇడిచిపెట్టింది. ఆ తీర్పు వార్త కూడ నేను ఈ తోటలనే చదివిన. 2023 ఏప్రిల్ 14న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 125 అడుగుల బాబాసాహెబు విగ్రహం లేచింది. పల్లెలకెల్లి బస్సులు కట్టుకొని వచ్చిన మనోల్లు ఆ విగ్రహం చుట్టు గడ్డి మీద సద్దులు విప్పుకొని కూసుంటె సూసి కడుపు నిండింది. మా ఊరి వాడ మొగదల కూడ పోరగాళ్లు చందాలేసుకొని విగ్రహం పెట్టిండ్రు, దాని ముందట రెండు సిమెంటు బెంచీలు పోపిచ్చిండ్రు. సాయంత్రమయితె మొగపోరగాళ్లు కూసుంటరు. ఆడోల్లు బిందెలతోని, పత్తి సంచులతోని ఆ ముందటికెల్లి నడిచిపోతనే ఉంటరు. పోయిన ఎండకాలం నేను పోయినప్పుడు అవ్వ అడిగిందే ఆ పిల్లలను అడిగిన. కొందరు నవ్విండ్రు, ఒకడు మాత్రం లేచి నిలబడి తన తల్లి వచ్చే తొవ్వ దిక్కు సూసిండు.

ఆదివారం మధ్యాన్నం గార్డెన్‌కు ఇప్పటికి పోత. పల్లీల పొట్టు సంచిల ఏసుకొని ఇంటికి తెచ్చుకుంట. దాంతోని ఏం మారదు, నాకు తెలుసు. పొద్దంత ఊడ్చే చేతులకు పైసలతోని కూడిన సెలవు, పింఛను, పర్మినెంటు ఉద్యోగం ఇస్తె మారుతది. ఆ చీపురు మా కులం ఆడోల్ల చేతుల్లనే ఎందుకుండాలె అని అడిగితె మారుతది. చెరువు కోసం కొట్లాడినోల్లకు, ఆదివారం కోసం కొట్లాడినోల్లకు వారసులమని చెప్పుకుంటున్నం. వాళ్లు సగం దాక తెచ్చిండ్రు. మిగిలిన సగం ఊడ్చేటామె కూసునుడు. అది మన బాకీ.